పొగలో ఎత్తిన చెయ్యి

తొమ్మిదో భాగం

చర్చి గంట తాడు తడిసిన వరదకి మరుసటి ఏడు అది.

అంతకు ముందు వరదలన్నీ రేవు మెట్ల దాకా వచ్చి చూసి పోయినవే. ఆ వరద మాత్రం చర్చి లోపలికి నడిచి వచ్చింది. గంటకి కట్టిన తాడు కొసని తడిపి, పదకొండు రోజులు అక్కడే కూర్చుంది. పుయెర్తో తహీబో ఊళ్ళో ఎవరి పెళ్ళి చెప్పాలన్నా, ఎవరి చావు చెప్పాలన్నా ఇప్పటికీ ఆ తాడు నుంచే లెక్క.

ఆ మరుసటి ఏడే, రెండు దేశాల మధ్య పారే మామొరే నదికి రెండు ఒడ్డుల రేవు అధికారులూ కూర్చుని ఒక మాట అనుకున్నారు. జనాన్ని దాటించే లాంచీ సరంగు ఎవరైనా సరే, అవతలి ఒడ్డు అధికారి అడిగినదానికి అవతలి ఒడ్డు మాటలోనే జవాబు చెప్పాలి. పక్కవాడి సాయం ఉండకూడదు. చెప్పలేనివాడు చుక్కాని వదిలెయ్యాలి.

ఈ ఒడ్డున స్పానిష్. ఆ ఒడ్డున పోర్చుగీసు. రెండూ ఒక తల్లి బిడ్డలేనని, ఒకటి వస్తే రెండోది వచ్చినట్టేనని ఈ ఒడ్డు సరంగుల నమ్మకం. అందుకని ఎవరూ నేర్చుకోలేదు. చేతులూపి, నవ్వి, బొటనవేలెత్తి తాతల నాటి నుంచి దాటుతున్నారు. ఇప్పుడు పరీక్ష అనేసరికి ఆరుగురు సరంగులు పదకొండు వారాలుగా రేవు షెడ్డులో బెంచీల మీద కూర్చున్నారు. మధ్యాహ్నం ఎండకి లాంచీలు ఆగే రెండు గంటలూ పాఠం. చెప్పేది జులేమా టీచరమ్మ.

పోయిన వారం మనం వదిలింది ఆమె బల్ల దగ్గర. శుక్రవారం. బల్ల మీద ఆరు కాగితాలు. ఈ మనిషి పరీక్షకి తయారు అని ఆమె సంతకం ఉంటేనే అవతలి అధికారి లోపలికి పిలుస్తాడు. అయిదింటి మీద సంతకం పడింది. ఆరోది నికనోర్ మొయే అనే సరంగుది. ఆమె పెన్ను దాని మీదకి వచ్చి ఆగిపోయింది. పరీక్ష మర్నాడు పొద్దున ఎనిమిదింటికి.

నికనోర్‌కి నలభై ఆరేళ్ళు. అందులో ఇరవై రెండేళ్ళు చుక్కాని దగ్గరే గడిచాయి. మాట తక్కువ. "మా ఆయన మాటలన్నీ పెళ్ళిలో ఫాదర్ గారికి చెప్పిన 'సరే'తో అయిపోయాయి" అంటుంది అతని పెళ్ళాం ఉబాల్దీనా. నది మీద అది తప్పు కాదు. ఇంజిను మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. పడవ ముక్కు మీద గడ పట్టి లోతు చూసేవాడు చెయ్యి చాపితే ఎడమకి, పిడికిలి బిగిస్తే నెమ్మది, రెండు వేళ్ళు చూపితే ఇసుక మేట. సరంగు చేత్తోనే సరే అంటాడు. చేతులు తెలిసినవాడే మంచి సరంగు. ఆ లెక్కన నికనోర్‌ని మించినవాడు రెండు ఒడ్డుల్లోనూ లేడు.

కానీ షెడ్డులో లెక్క వేరు. కిటికీ గట్టు మీద ఆరు పాలడబ్బాలు వరసగా పెట్టి ఉన్నాయి, డబ్బాకో పేరు. అవతలి మాటలో ఎవరు నోరు విప్పి ఒక ముక్క చెప్పినా, అది తప్పైనా సరే, టీచరమ్మ వాళ్ళ డబ్బాలో ఒక అడవిబాదం కాయ వేస్తుంది.

వాల్డో కయూబా డబ్బా మూడో వారానికే పొర్లింది. ఇప్పుడు అతనిది రెండో డబ్బా. వాల్డో పలక పట్టలేదు, పుస్తకం తెరవలేదు. రోజూ అవతలి ఒడ్డుకి పోయి రొట్టెలమ్మే ఆడవాళ్ళతో పోట్లాట పెట్టుకుంటాడు. వాళ్ళు పడీపడీ నవ్వుతారు. నవ్విన చోట తప్పు ఉందని అతనికి తెలుస్తుంది. మర్నాడు ఇంకోలా చెబుతాడు. నవ్వు రాకపోతే కుదిరినట్టు.

బెలార్మీనమ్మ దారి వేరు. మొగుడు పోయాక ఆయన లాంచీ తనే నడుపుతోంది. సబ్బు పెట్టెల అట్టలు కత్తిరించి, ఒక్కో అట్ట మీద ఒక్కో మాట రాసి, తీగకి గుచ్చి దండ చేసింది; లాంచీలో చుక్కానికి, ఒడ్డున మెడలో వేస్తుంది. ఆమె డబ్బా సగమే నిండింది గానీ, అందులో తప్పు మాటకి పడిన కాయ ఒక్కటీ లేదు. అడిగిన మాట అట్ట మీద లేకపోతే మాత్రం ఆమె పైపెదవి మీద చెమట పడుతుంది.

నికనోర్ డబ్బాలో సాలీడు గూడు కట్టింది.

"నికనోర్ గారూ, అవమానం చెయ్యాలని కాదు" అంది టీచరమ్మ. "పదకొండు వారాల్లో ఒక్కరోజు మానలేదు మీరు. అందరికంటే ముందొచ్చి ఆ చివర బెంచీ మీద కూర్చుంటారు. ఒక్క ముక్క మాట్లాడలేదు. ఎందుకొస్తున్నట్టు?"

"వినడానికి."

"ఏం విన్నారు?"

"అన్నీ."

వాల్డో వెనక బెంచీ నుంచి అందుకున్నాడు. నికనోర్ కూతురి జ్ఞానస్నానంలో బిడ్డని ఎత్తుకున్నవాడు అతనే. ఆ రోజు నుంచీ ఇద్దరూ ఒకరినొకరు కొంపాద్రే అనే పిలుచుకుంటారు.

"టీచరమ్మా, మా కొంపాద్రే గొంతులో మాటలు చేపముళ్ళండి. లాగితే నెత్తురొస్తది. వదిలెయ్యండి పాపం. నా డబ్బాలోవి సగం ఆయనకి పోసేస్తా, ఇద్దరం పాసు."

అందరూ నవ్వారు. నికనోర్ కూడా ఒక పక్క పెదవితో నవ్వాడు.

"మీకు నోరుంది గానీ చెవి లేదు వాల్డో గారూ" అంది టీచరమ్మ. "రేపు అధికారి ప్రశ్న అడగడం పూర్తి కాకుండానే జవాబు చెప్పేస్తారు మీరు."

"ఎంత మాట! మీరూ మా ఆవిడా ఎప్పుడు మాట్లాడుకున్నారండీ?"

ఈసారి నవ్వు పెద్దదైంది. టీచరమ్మ నవ్వలేదు. ఆమె ఆ భాష నేర్చుకున్నది పదిహేడేళ్ళప్పుడు, అవతలి దేశంలో బట్టల కొట్టులో నిలబడి, వచ్చినా రాకపోయినా వాగి వాగి. ఆమెకి ఎదురొచ్చిన దారి అది. లోకంలో ఉన్న దారి అదొక్కటే అనుకుంది. మాట్లాడనివాడు నేర్చుకోవడం లేదని ఆమె లెక్క.

"రేపు అధికారి మీ చెవులు చూడడు, నోరే చూస్తాడు" అంది. "సంతకం పెడితే నేను అబద్ధం రాసినట్టు. నది మీద అబద్ధం రాసి నేను తిండి తినలేను. పోయినేడు పొగలో ఏం జరిగిందో ఈ ఊళ్ళో నాకు చెప్పనివాళ్ళు లేరు."

బెలార్మీనమ్మ తన అట్టల వైపు చూసుకుంది. నికనోర్ ఎదుట ఆ ఊసు ఎవరూ ఎత్తరు.

ఊరు చెప్పుకునేది ఇది. వరద తీసిన ఏడాదే, అడవి కొట్టి తగలబెట్టే పొగ నెలలో, నది మీద ఎదుటి మనిషి కనపడని పొద్దున, నికనోర్ లాంచీ నది మధ్యలో ఉంది. ముక్కు మీద గడ పట్టింది అతని బావమరిది ఎలాయ్. ఎదురుగా దుంగలు మోసుకొచ్చే అవతలి ఒడ్డు పంటు, బల్లపరుపు పెద్ద పడవ, వస్తోంది. పంటు సరంగు బాకా గొట్టంలో కేక వేశాడు, ఏ పక్క నుంచి వస్తున్నావని. ఇటు నుంచి జవాబు లేదు. పంటు వచ్చి కొట్టింది. ఎలాయ్ కుడి మోకాలు లాంచీకీ దుంగకీ మధ్య నలిగిపోయింది. జనం దక్కారు. నికనోర్‌కి పాపం ఆ భాష అర్థం కాలేదు, అది ఊరు వేసిన ముడి. ఆ ముడి మీదే రెండు ఒడ్డుల వాళ్ళూ పరీక్ష పెట్టారు.

నికనోర్ లేచి నిలబడ్డాడు. టోపీ తల మీద పెట్టుకున్నాడు.

"నాలుగు గంటల లాంచీ నాది. ఎక్కండి. ఆపైన మీ ఇష్టం."

"రాసుకోండి టీచరమ్మా!" అని అరిచాడు వాల్డో. "ఇంత పొడుగు ఉపన్యాసం నేను ఇరవై ఏళ్ళలో వినలేదు!"

టీచరమ్మ పెన్నుకి మూత పెట్టింది. కాగితం మడిచి సంచిలో వేసుకుంది.

నాలుగింటికి రేవులో ఎక్కేవాళ్ళు లేరు. శుక్రవారం సాయంత్రం అంతే, జనం అటు నుంచి ఇటు వస్తారు. నికనోర్ తాడు విప్పబోతుంటే మెట్ల మీద చంకకర్ర చప్పుడైంది.

"ఆగు బావా, ఆగు! నేనూ వస్తన్నా."

ఎలాయ్ వచ్చాడు. మోకాలి మందు కోసం పదిహేను రోజులకోసారి అవతలికి పోతాడు. ఎప్పుడూ వాల్డో లాంచీలోనే పోతాడు.

"వాల్డో పంకాకి వల చుట్టుకుంది. విప్పేసరికి అయిదవుద్దంట. ఇవాళ నీ లాంచీయే గతి నాకు." నవ్వుతూనే ఎక్కాడు. అలవాటు కొద్దీ ముక్కు మీదకే పోయి, తన పాత చోట, కాలు చాపుకుని కూర్చున్నాడు. "రేపే కదా పరీక్ష. నాకొక్క మాట చెప్పలేదేం? పదిహేనో ఏడు దాకా ఆ ఒడ్డున పెరిగినోణ్ణి, నీ ఇంటి మనిషిని. నేను నేర్పనా బావా నీకు?"

నికనోర్ ఇంజిను తాడు లాగాడు. మోత మొదలైంది. జవాబు చెప్పాల్సిన పని తప్పింది.

టీచరమ్మ చుక్కాని పక్కనే కూర్చుంది. ఒడ్డు వెనక్కి పోయింది. నీళ్ళు చాయ రంగులో ఉన్నాయి. ఆమె చాలాసేపు అతని చేతుల్నే చూసింది. తర్వాత ముఖం చూసింది. పెదవులు కదులుతున్నాయి.

ఆమె వంగింది. వినపడలేదు. ఇంకా వంగి, చెవి అతని భుజం దాకా తెచ్చింది.

అతను మాట్లాడుతున్నాడు. అవతలి మాటలో. ఆగకుండా. మొదటి వారం ఆమె చెప్పిన పాఠం, దాని వెంట రెండో వారానిది. రొట్టెలమ్మేవాళ్ళ తిట్లు. అవతలి ఒడ్డు రేడియోలో రోజూ వచ్చే నీటిమట్టం కబురు, చదివేవాడి దగ్గుతో సహా. షెడ్డులో వాల్డో చెప్పిన తప్పులు, వాటి పక్కనే వాటి ఒప్పులు. అధికారిగా ప్రశ్న తనే అడిగి, సరంగుగా జవాబు తనే చెబుతున్నాడు. రోజుకి ఎనిమిది దాటుళ్ళు. ఎనిమిదిసార్లూ ఇంజిను మోత కింద, ఎవరి చెవినా పడకుండా, పదకొండు వారాల పాఠమూ నది మీద అప్పజెబుతున్నాడు.

టీచరమ్మ వెనక్కి వాలింది. తను వేసిన ప్రతి కాయా, అతని ఖాళీ డబ్బా ఆమెకి గుర్తొచ్చినట్టున్నాయి.

"ఎన్నాళ్ళ నుంచి?" అని చెవిలో అరిచింది.

నికనోర్ చూపుడువేలు ఎత్తాడు. ఒక ఏడాది.

అంటే పరీక్ష మాట పుట్టక ముందు నుంచి. ఆమెకి అది అప్పుడు తట్టలేదు.

"చాలా బాగుంది! కానీ రేపు ఆ గదిలో ఇంజిను ఉండదు కదా! ఆపండి. ఆపి చెప్పండి!"

నికనోర్ చెయ్యి ఇంజిను మీద ఉంది. చూపు పడవ ముక్కు మీదకి పోయింది. అక్కడ ఎలాయ్ వీపు. చంకకర్ర ఒడిలో పెట్టుకుని, ఒంటిచేత్తో నీళ్ళు తడుముతూ కూర్చున్నాడు. మధ్య పన్నెండు అడుగులు. ఇంజిను ఆగితే నది మీద చేప ఎగిరినా వినపడుతుంది.

టీచరమ్మని ఎక్కమన్నప్పుడు ఎలాయ్ వస్తాడని అతను అనుకోలేదు. ఇప్పుడు ఆపకపోతే రేపు చుక్కాని పోతుంది. ఇప్పుడు ఆపితే ఇంకొకటి పోతుంది. అది ఏమిటో ఈ పడవలో అతనొక్కడికే తెలుసు.

ఇంజిను ఆపాడు.

నిశ్శబ్దం మీద పడినట్టు వచ్చింది. పడవ వాలుకి జారడం మొదలుపెట్టింది. దిగువన బండల మీద నీళ్ళు విరిగే చప్పుడు సన్నగా వినపడింది.

"ఏం బావా, ఆయిల్ అయిపోయిందా?" అన్నాడు ఎలాయ్ తల తిప్పకుండా.

"పరీక్ష పెడుతున్నా ఎలాయ్ గారూ, కాసేపు" అంది టీచరమ్మ. ఆమె గొంతులో హుషారు ఉంది. నిటారుగా కూర్చుని, అధికారిలా ముఖం పెట్టి, అవతలి మాటలో అడిగింది. రేపు ఆయన అడగబోయేదీ అదేనని ఆరుగురికీ తెలుసు. "చుట్టూ పొగ. ఏమీ కనపడదు. ఎదురుగా దుంగల పంటు వస్తోంది. నీ పడవ ఏదని, ఏ పక్కకి పోతున్నావని పంటు సరంగు అడుగుతున్నాడు. ఏం చెబుతావు?"

జవాబు నికనోర్ నాలుక మీదే ఉంది. కుడికి పోతున్నాను, నెమ్మది చెయ్యి. రెండు ముక్కలు. చెబితే సంతకం పడుతుంది. ఎలాయ్ కూడా భేష్ బావా అని చప్పట్లు కొడతాడు. ఏడాది పాటు కష్టపడి నేర్చుకున్నాడని ఊరంతా మెచ్చుకుంటుంది.

ఆ రెండు ముక్కలూ మింగేశాడు.

"వాడు అలా అడగలేదు" అన్నాడు. అవతలి మాటలోనే. గొంతు పెద్దగానే వచ్చింది. "'ఓ చిన్న పడవా, ఓ చిన్న పడవా, ఏ పక్క నుంచి వస్తున్నావ్?' అన్నాడు. రెండుసార్లు అదే. మూడోసారి 'నీకు పెళ్ళాం ఉంటే, దాని మీద ఒట్టు, చెప్పు' అన్నాడు."

ఊపిరి పీల్చుకున్నాడు. ఆగితే మళ్ళీ రాదని తెలుసు.

"నేను చెప్పాల్సింది ఇది. 'పంటూ, వినపడింది. నేను జనం లాంచీని. నీ ఎడమ పక్కన ఉన్నాను. కుడికి తిప్పుతున్నాను. నువ్వు ఆగు. నా మనిషి ముక్కు మీద ఉన్నాడు.'"

టీచరమ్మ రెండు చేతులూ చరిచింది. "ఒక్క తప్పు లేదు! ఒక్కటంటే ఒక్కటి..." సంచిలోంచి అడవిబాదం కాయ తీసింది. అతనికి ఇవ్వబోయి, ముఖం చూసి, ముక్కు వైపు చూసి, కాయ పట్టుకున్న చేతిని ఒళ్ళోకి దించుకుంది.

ఎలాయ్ ఈ వైపు తిరిగాడు. నెమ్మదిగా, మోకాలిని చేత్తో ఎత్తి పక్కకి పెట్టుకుంటూ.

"పెళ్ళాం మీద ఒట్టు అన్నాడని నేనెవరికీ చెప్పలేదు బావా" అన్నాడు స్పానిష్‌లో. "అక్కకి కూడా చెప్పలేదు. నీకెట్టా తెలుసు?"

"విన్నాను."

"అర్థమైందా? ఆ రోజే?"

"అయింది."

"మూడుసార్లూ?"

"మూడుసార్లూ."

"మరి?"

నికనోర్ తన కుడిచెయ్యి చూసుకున్నాడు. "చెయ్యి ఎత్తాను."

ఎలాయ్‌కి ముందు అందలేదు. అందాక నోరు కొంచెం తెరుచుకుంది. "చెయ్యి" అన్నాడు. "పొగలో."

"మాట నోటి దాకా వచ్చింది. తప్పుగా వస్తదేమో, పంటు వాళ్ళు నవ్వుతారేమో అనిపించింది. ఆ లోపల చెయ్యి లేచింది. అదే లేస్తది ఎప్పుడూ. ఎవరికీ కనపడలేదు."

ఎలాయ్ నీళ్ళ వైపు చూశాడు. మాట్లాడినప్పుడు గొంతు పెంచలేదు.

"నాకు వచ్చు కదా ఆ భాష. చిన్నప్పటి నుంచీ వచ్చు. అయినా నోరు మూసుకుని కూర్చున్నా. ఎందుకు? ఎదుటి పడవకి జవాబు చుక్కాని పట్టినోడే చెప్పాలి. గడ పట్టినోడు చెబితే సరంగు పరువు తీసినట్టు. నాకది మా నాయన నేర్పాడు, నువ్వూ నేర్పావు. నీకు అర్థం కాలేదేమో, నేనన్నా అరవాల్సిందేమో అని ఏడాది నుంచీ నన్ను నేనే తిట్టుకుంటన్నా. నా కాలు నేనే విరగ్గొట్టుకున్నానని మీ ఇంట్లో, అక్క ఒళ్ళో తల పెట్టి ఏడ్చా. నువ్వు పక్క కుర్చీలో ఉన్నావ్." ఆగాడు. "అదీ విన్నావ్."

నికనోర్ చూపు దిగువన బండల వైపు పోయింది.

బండల చప్పుడు దగ్గరైంది. టీచరమ్మ పడవ అంచు గట్టిగా పట్టుకుంది. "నికనోర్ గారూ..." అంది. అతను ఇంజిను లాగాడు. మోత మళ్ళీ అందరి మధ్యా నిలబడింది.

లాంచీ అవతలి ఒడ్డున విలా సెరేనా రేవుకి చేరింది. ఎలాయ్ దిగేటప్పుడు నికనోర్ చెయ్యి చాపాడు. ఎలాయ్ ఆ చెయ్యి పట్టుకోకుండా, చంకకర్ర మీద బరువేసి, తానే దిగాడు. తిరుగు ప్రయాణంలో ఎక్కలేదు. ఆరు గంటలకి వాల్డో లాంచీలో వచ్చాడట.

తిరుగుదారిలో జులేమా టీచరమ్మ కాగితం మోకాలి మీద పెట్టుకుని సంతకం చేసింది. చేశాక కింద ఇంకో గీత వైపు చూపించింది.

"గడమనిషి పేరు రాయాలి. గడమనిషి లేని లాంచీని పరీక్షకి రానివ్వరు. సరంగుల సంఘం పుస్తకంలో పేరున్నవాడే అవ్వాలి. మీకు ఎవరు?"

సంఘం పుస్తకంలో నికనోర్ లాంచీ ఎదుట ఇప్పటికీ ఎలాయ్ పేరే ఉంది. కొట్టెయ్యమని అతను ఎప్పుడూ చెప్పలేదు. ఏడాదిగా గడమనిషి లేకుండానే, నీళ్ళు తేటగా కనపడే వేళల్లోనే దాటుతున్నాడు.

"ఖాళీగా ఉంచండి" అన్నాడు.

ఆమె అడవిబాదం కాయని పడవ బల్ల మీద, అతని పక్కన పెట్టింది. "నేను డబ్బాలు పెట్టడమే తప్పేమో" అంది. అతను తల అడ్డంగా ఊపాడు. అది ఆమె తప్పు కాదని అతని ఉద్దేశం. తర్వాత, అలవాటు మానుకునే మనిషిలా, నోటితో కూడా చెప్పాడు. "కాదండి. వాల్డోకి డబ్బా లేకపోతే ఎట్టా?"

పొద్దుగూకేసరికి వాల్డో ఇంటి ముందుకి వచ్చాడు. అతనికి అప్పటికే తెలుసు. ఎలాయ్ అతని లాంచీలోనే కదా వచ్చింది.

"కొంపాద్రే, మా తోడల్లుడి పేరు కూడా పుస్తకంలో ఉంది. మా లాంచీ గడమనిషే. నా పరీక్ష అయ్యాక నీకు ఇస్తా. గడ ఎవడు పట్టుకుంటే ఏం, లోతు లోతే కదా?"

"వద్దు."

"మొండివాడివి."

"ఊఁ."

"రేపు చుక్కాని పోతే?"

"పోనీ."

వాల్డో అతని భుజం తట్టి వెళ్ళిపోయాడు.

ఉబాల్దీనా అరటికాయ ఉడకబెట్టి, ఎండు మాంసం వేసి రోట్లో దంచుతోంది. దంచుతూనే విన్నది. నికనోర్ మొదటి నుంచీ చివరి దాకా చెప్పాడు. ఇంట్లో అంతసేపు మాట్లాడింది అదే మొదలు. రోకలి ఎక్కడా ఆగలేదు. అంతా అయ్యాక ఆగింది.

"మాట తక్కువ మనిషని మా వాళ్ళందరికీ చెప్పుకున్నా" అంది. "దాచుకునే మనిషని తెలియదు."

పళ్ళెంలో వడ్డించి అతని ముందు పెట్టింది. తను తినలేదు.

మర్నాడు పొద్దున నికనోర్ ఆరింటికే లేచాడు. గోడకి ఆనించి ఉన్న ఎలాయ్ పాత గడ తీశాడు. ఏడాదిగా నీళ్ళు ముట్టని గడ అది. బూజు తుడిచి, భుజాన వేసుకుని వీధిలోకి వచ్చాడు. గడ నీళ్ళ మీద ఉండాల్సిన వస్తువు. వీధిలో దాన్ని మోసుకుపోయేవాణ్ణి ఎవరూ చూసి ఉండరు. ఊడుస్తున్నవాళ్ళు చీపుళ్ళు ఆపారు. మెడలో అట్టల దండతో రేవుకి పోతున్న బెలార్మీనమ్మ నిలబడిపోయింది.

"రేవు ఇటు కదా, అటు పోతావేం తమ్ముడూ?"

"పనుందక్కా."

ఎలాయ్ ఇల్లు వరద తర్వాత కట్టింది. గుంజల మీద ఎత్తుగా ఉంటుంది. ఏడు మెట్లు. నికనోర్ మెట్లు ఎక్కలేదు. వీధిలోనే, మొదటి మెట్టు ముందు, గడ అడ్డంగా పెట్టాడు. టోపీ తీశాడు.

ముందు అవతలి మాటలో చెప్పాడు. ఎలాయ్ కోసం. తర్వాత ఈ ఒడ్డు మాటలో, వీధి కోసం.

"పోయినేడు పొగలో పంటు వాడు పిలిచింది నాకు అర్థమైంది. మూడుసార్లు పిలిచాడు. జవాబు చెప్పాల్సినోణ్ణి నేను. చెప్పలేదు. అందులో ఎలాయ్ తప్పు లేదు. ఏడాది నుంచీ తెలిసీ ఊరుకున్నా."

అంత పెద్ద గొంతు అతనికి ఉందని వీధికి తెలియదు. అతనికీ తెలియదు. చీపుళ్ళు మళ్ళీ కదలలేదు.

లోపల చంకకర్ర చెక్కనేల మీద పడిన చప్పుడు. ఒకటి. కాసేపటికి ఇంకొకటి. తలుపు దాకా వచ్చింది. గడియ కదలలేదు.

రేవులో లాంచీ బయలుదేరే మొదటి కూత వినపడింది. అవతలి ఒడ్డుకి అరగంట. ఎనిమిదింటికి పేర్లు పిలుస్తారు.

మూసిన తలుపు వెనక నుంచి ఎలాయ్ గొంతు వచ్చింది. అవతలి మాటలో, బాకా గొట్టంలో అరిచినట్టు, ఒక్కో ముక్కా విడదీసి.

"ఓ చిన్న పడవా. ఓ చిన్న పడవా. ఏ పక్క నుంచి వస్తున్నావ్?"

నికనోర్ కుడిచెయ్యి తనంతట తనే లేచింది. భుజం దాకా వచ్చింది. అతను దాన్ని చూశాడు. ఎడమచేత్తో పట్టుకుని, కిందకి దించి, నోరు తెరిచాడు.